మోతీ పక్కన చదువు

వేసవి సెలవులకు అమల కార్వాన్ బస్తీకి వస్తూ తన బడి నుంచి ఒక పెద్ద చార్టు కాగితం, రెండు రంగుల స్కెచ్ పెన్నులు తెచ్చింది. ముందుగదిలో గడియారం కింద ఆ కాగితాన్ని అంటించి, గీతలు కొట్టి, టైమ్‌టేబుల్ రాసింది. పొద్దున తెలుగు, తర్వాత లెక్కలు, మధ్యలో కాసేపు ఆట, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బొమ్మలు. బడి గంటకు బదులు స్టీలు పళ్లెం, గరిటె. పిల్లలిద్దరూ చాప మీద కూర్చుని ఆ కాగితం వంక చూశారు. నందు ముందుగా ఆట ఎక్కడుందో వెతుక్కున్నాడు. గీతాంజలి ఏమీ వెతకలేదు.

అది అక్క ఇల్లు అనుకోవడం అమలకు ఇంకా పోలేదు. అక్క కళావతి కిందటి చలికాలంలో కొద్ది రోజుల జ్వరంతో చనిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో బావ దుర్గయ్య, అతని తల్లి రుక్మాబాయి, ఈ ఇద్దరు పిల్లలు, వెనక రేకుల కొట్టంలో బర్రెలు. అమల షాద్‌నగర్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో పంతులమ్మ. సెలవులన్నీ పిల్లల దగ్గర ఉండి రమ్మని చెప్పి ఆమె భర్త శ్రవణే బస్సెక్కించాడు. ఆదివారాలు తనూ వచ్చి చూసిపోతానన్నాడు.

ఆమె వచ్చిన పని ఒక్కటే. గీతాంజలి మూడో తరగతి. తల్లి పోయిన తర్వాత ఆ పిల్ల బడిలో పైకి చదవడం మానేసింది. రాస్తుంది, లెక్కలు చేస్తుంది, ఏదైనా అడిగితే తల ఊపుతుంది. పుస్తకం తెరిచి చదవమంటే మాత్రం పెదవులు బిగుస్తాయి. మార్చిలో బడి పెద్దమేడమ్ దుర్గయ్యను పిలిపించి మెత్తగానే చెప్పింది. జూన్‌లో బడి తెరిచేటప్పుడు తీసుకురండి, ఒక పేజీ చదివి వినిపిస్తే నాలుగులో కూర్చోబెడతాను, లేకపోతే ఇంకో ఏడాది మూడులోనే ఉంచుదాం, పిల్లకే మంచిది అని. మూడులోనే ఉంచితే ఇంకో సంగతి ఉంది. నందు రెండు దాటి ఈ ఏడు మూడుకు వస్తున్నాడు.

ఆ సంగతి నందుకు మస్తు సంతోషంగా ఉంది. "అక్కా, నా బెంచి మీదనె కూసో," అన్నాడు చాప మీద జరిగి చోటు చూపిస్తూ. "నీకు తెల్వనియన్ని నేను చెప్త."

ఒకప్పుడైతే గీతాంజలి వాడి జుట్టు పట్టుకునేది. ఇప్పుడు లేచి కొట్టంలోకి వెళ్లిపోయింది. దాంతో మొదటి రోజు తెలుగు పాఠం అయిపోయింది.

టైమ్‌టేబుల్ వారం కూడా నిలవలేదు. ఆ ఇంటికి వేరే గడియారం ఉంది, అది పాల గడియారం. చీకటి ఉండగానే పాలు పిండడం, తెల్లవారేసరికి క్యాన్లు స్కూటరుకు కట్టి దుర్గయ్య బేగంబజార్ వైపు వెళ్లిపోవడం, ఆ తర్వాత పేడ ఎత్తడం, కుడితి పెట్టడం. లెక్కల వేళకు పచ్చిగడ్డి ఆటో వచ్చేది. బొమ్మల వేళకు నల్లా వచ్చేది, ఇంట్లో ఉన్న బిందెలన్నీ లేచి నిలబడేవి. అమల పళ్లెం మీద గరిటెతో కొడితే కొట్టంలో బర్రెలన్నీ ఒక్కసారి లేచి అరిచేవి.

"పంతులమ్మా," అంది రుక్మాబాయి, ఒళ్లో చాటతో గుమ్మంలో కూర్చుని. "నీ పళ్లెం మోత ఇని బర్రెలు కుడితి అనుకుంటున్నయి. వాటికన్న చదువు చెప్పు, లేకుంటె కుడితన్న పెట్టు."

అమల నవ్వి గరిటె వంటింట్లో పెట్టేసింది. పంతులమ్మగా ఆమె ఒకటి నేర్చుకుంది. పిల్లలు చెడగొట్టిన టైమ్‌టేబుల్‌ను అతుక్కోవడం కన్నా, చెడిపోగా మిగిలింది ఏమిటో చూసుకోవడం మేలు. మిగిలింది పొద్దున ఒక ముక్క. పాలు పోసి స్కూటరు తిరిగొచ్చాక, పక్కింటి గోడ దాటి ఎండ వాకిట్లోకి దిగేవరకు. ఆ నీడ ఉన్నంతసేపే బడి. ఎండ చాప అంచును తాకగానే సెలవు. ఒక పేజీ చూచిరాత, రెండు లెక్కలు, ఆ రోజు బయట చదివిన ఒక కొత్త మాట, అంతే.

కొత్త మాట పని నందుకు బాగా నచ్చింది. తండ్రితో స్కూటరు మీద, రెండు క్యాన్ల మధ్య కూర్చుని బేగంబజార్‌కు పోయి, దుకాణాల బోర్డులు చదువుకుంటూ వచ్చేవాడు. ఒకరోజు తాళ్లు, ఒకరోజు ఇత్తడి సామాన్లు, ఒకరోజు హోల్‌సేల్. మరో రోజు వాకిట్లో అడుగు పెడుతూనే గొంతు చించుకుని, ఒక్క తప్పు లేకుండా, "ఇచ్చట మూత్రము పోయరాదు" అని చదివినట్టే చెప్పాడు.

"గది నువ్వు నేర్సుకుంటె చాలు, బస్తీ బాగుపడ్తది," అంది రుక్మాబాయి.

గీతాంజలి కొత్త మాటను పలక మీద రాసి చూపించేది. చక్కటి అక్షరాలు. అచ్చం కళావతి రాతే, కొమ్ములు కొంచెం పొడుగు. అమల చూసి బాగుందనేది. చదవమని అడగలేదు. ఇంతకుముందు ఇలాంటి పిల్లలను ఒకరిద్దరిని చూసింది. గొంతును పట్టి లాగితే ఇంకా లోపలికి పోతుందని ఆమెకు తెలుసు. ఎలా బయటికి రప్పించాలో మాత్రం తెలియదు. చాప మీద ఎండ అంచు దగ్గరికి వస్తున్నకొద్దీ జూన్ కూడా అలాగే దగ్గరికి వస్తున్నట్టు ఉండేది.

రోజులు మాత్రం బాగానే గడిచాయి. మధ్యాహ్నాలు నలుగురూ ముందుగదిలో తడి గోనెపట్టాలు కిటికీకి కట్టుకుని పడుకునేవారు. రుక్మాబాయి గురక మొదలవగానే నందు నోరు మూసుకుని నవ్వేవాడు. సాయంత్రాలు బావ పాలు పిండే వేళ అమల వంటింట్లో ఉండేది. కొట్టంలో ఆ వేళకు ఆడవాళ్ల పని ఏమీ లేదని దుర్గయ్య మొదటిరోజే అన్నాడు. అలా ఎందుకన్నాడో ఆమె ఆలోచించలేదు.

ఒక పొద్దున చదువు అయ్యాక అమల ఇల్లు దులపడం మొదలుపెట్టి కొట్టం గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం పక్క మేకుకు ఒక చీర వేలాడుతోంది. పేడ మరకలు, తవుడు దుమ్ము, కొంగు అట్టకట్టి ఉంది. చేతిలోకి తీసుకుని దులిపితే కింద ఆకుపచ్చ రంగు, గోధుమరంగు పూలు కనిపించాయి. ఒక దసరాకు అఫ్జల్‌గంజ్‌లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే రకం కొనుక్కున్న నూలు చీర. అమలది ఇంట్లో ఇంకా మడత మీదే ఉంది.

అక్క చీర కొట్టంలో మసిగుడ్డ అయిందనుకుంది. బావ మీద కోపం రాలేదు. మగవాళ్లకు ఏ గుడ్డ ఏదో తెలియదులే అనుకుంది. చీరను బకెట్లో వేసి, సబ్బుపొడిలో నానబెట్టి, బండ మీద పెట్టి రుద్దింది. నీళ్లు మూడుసార్లు మార్చినా మురికి దిగుతూనే ఉంది. చివర బట్టలకు మల్లె వాసన పట్టే మందు ఒక మూతెడు వేసి జాడించి డాబా మీద ఆరేసింది. మే ఎండకు అది ఆరడం ఎంతసేపు. మడత పెట్టి కళావతి ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా పైన ఉంచింది. ఆ రోజు భోజనం చేస్తున్నప్పుడు ఆమె మనసు తేలిగ్గా ఉంది. అక్కకు ఏదో ఒకటి చేసినట్టు అనిపించింది.

సాయంత్రం కొట్టం గుమ్మంలో దుర్గయ్య నిలబడి మేకు వంక చూస్తున్నాడు. కిందికి చూశాడు, గడ్డిమోపు వెనక చూశాడు, మళ్లీ మేకును చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగింది నందు.

"బాపూ, అమ్మ చీర ఏది?"

అమల వంటింటి నుంచి బయటికి వచ్చి తాను ఉతికిపెట్టానని చెప్పింది. దుర్గయ్య తల దించుకున్నాడు. రుక్మాబాయి చేతిలో చాట ఆగింది. ఆ ముసలామె మాట్లాడకుండా ఉండటం అమల ఆ ఇంట్లో మొదటిసారి చూసింది. తాను చేసింది చిన్న పని కాదని అప్పుడు అర్థమైంది, ఏం చేసిందో మాత్రం ఇంకా అర్థం కాలేదు.

చెప్పింది కూడా నందే, చిన్నమ్మకు ఇంతమాత్రం తెలియదా అన్నట్టు. "బాపు గది కప్పుకుంటెనే మోతీ పాలిస్తది చిన్నమ్మా. లేకుంటె తంతది."

మోతీ కొట్టంలో చివరి బర్రె. బొగ్గులా నల్లగా ఉంటుంది. దానికి మోతీ అని, అంటే ముత్యమని, పేరు పెట్టింది కళావతే. ఈనిన నెలకే దాని దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె ఉంటే బర్రె దానికోసం చేపుతుంది, అంటే తనంతట తాను పొదుగులోకి పాలు వదులుతుంది. దుడ్డె లేని బర్రె మనిషిని నమ్మి చేపాలి. మోతీ నమ్మింది ఒక్క కళావతిని. ఆమె పోయాక దుర్గయ్య చేయి పడితే కాలు విసిరింది. చివరికి అతను ఆమె కట్టి విడిచిన చీర తల మీంచి కప్పుకుని కూర్చున్నాడు. మోతీ వాసన చూసి, చూసి, పాలు వదిలింది. పాడి ఉన్నవాళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు, పిండే మనిషి మారితే పాత మనిషి బట్ట కట్టుకుని కూర్చుంటారు, ఆ బట్టకు నీళ్లు తగలనివ్వరు. బస్తీలో ఒకరిద్దరు మీసాలున్న కళావతి అని నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. మరదలి ముందు ఆ చీర కప్పుకోవడానికి దుర్గయ్యకు సిగ్గు. అందుకే ఆమెను కొట్టం వైపు రానివ్వలేదు.

అక్కాచెల్లెళ్ల నాన్న బస్సు కండక్టరు. వాళ్లింట్లో బర్రెలు లేవు. ఈ కట్టుబాటు కళావతికి ఇక్కడికి వచ్చాకే తెలిసి ఉంటుంది. అమలకు తెలిసే దారి లేదు. అది అందరికీ తెలుసు, అమలకూ తెలుసు. అయినా ట్రంకుపెట్టె తీసి చీర బయటికి తెస్తుంటే ఆమె చేతులకు బరువుగా ఉంది. చీర మల్లెపూల వాసన వేస్తోంది.

దుర్గయ్య దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, ఆమె చూస్తుండగానే తల మీద కప్పుకుని, బకెట్ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మోతీ మెడ తిప్పి చీరను మూచూసింది. ముక్కు పొంగించి బుసకొట్టి, పక్కకు జరిగి, బకెట్‌ను తన్నింది. బకెట్ గోడకు తగిలి చాలాసేపు మోగింది.

మర్నాడు చీకట్లోనే మళ్లీ కూర్చున్నాడు. పిడికెడు పాలు కూడా రాలేదు. పొద్దెక్కేసరికి పొదుగు బిగిసి నిగనిగలాడుతోంది. చేయి తగిలితే మోతీ మూలిగింది. పాలు అలా నిలిచిపోతే పొదుగుకు జబ్బు చేస్తుందని, ఒకసారి జబ్బు చేసిన పొదుగు మళ్లీ మామూలుగా కాదని రుక్మాబాయి గోడకు చెప్పినట్టు చెప్పింది. ఆ పొద్దున చాప పరిచారు గానీ అమలకు లెక్క ఏది ఇచ్చిందో గుర్తులేదు. గీతాంజలి పలక మీద కొత్త మాట రాయలేదు. మోతీ అని రాసి, వెంటనే చేత్తో తుడిచేసింది.

మధ్యాహ్నం పక్క కొట్టం ప్రేమ్‌రాజ్ వచ్చాడు. తన దగ్గర సూదిమందు ఉందనీ, ఒక్క సూది పొడిస్తే నిలబడ్డచోటనే పాలన్నీ దిగిపోతాయనీ అన్నాడు.

"కళ ఉన్నప్పుడు నా కొట్టంల సూది పెట్టలేదన్నా," అన్నాడు దుర్గయ్య.

"మరేం చేస్తవ్? గుంజుతవా?"

"గుంజితె రావు. అదే ఇయ్యాలె." మోతీ పొదుగు వంక చూసి, "పొద్దుమీకి దాక చూస్త. గప్పుడు కూడ ఇయ్యకుంటె పట్కరా," అన్నాడు.

సాయంత్రం దుర్గయ్య మల్లెల వాసన చీరనే కప్పుకుని మళ్లీ కొట్టంలోకి వెళ్లాడు. ఇప్పుడు అమల కూడా గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. దాచడానికి ఇంకేమీ లేదు. ప్రేమ్‌రాజ్ వాకిట్లో మంచం అంచున కూర్చున్నాడు, చిన్న డబ్బా పక్కన పెట్టుకుని. మోతీ కాళ్లు మార్చుకుంటూ నిలబడింది.

గీతాంజలి ఇంట్లోంచి తన తెలుగు వాచకం పట్టుకుని వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. కుడితి తొట్టి పక్కన ఉన్న పాత బకెట్‌ను తిరగేసి, దాని మీద కూర్చుని, ఒక చేయి మోతీ మెడ కింద పెట్టి, ఒళ్లో పుస్తకం తెరిచింది. ఆ తిరగేసిన బకెట్ మీద ఎన్నోసార్లు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కూర్చుంది.

మొదట పెదవులే కదిలాయి. తర్వాత సన్నగా, దూరంగా ఉన్న నల్లా ధార చప్పుడులా, మాటలు వచ్చాయి. "వానచినుకు మబ్బును అడిగింది. నేనెక్కడ పడాలి అని అడిగింది. నువ్వు పడ్డచోటే నీ ఊరు అంది మబ్బు."

మోతీ చెవి ఒకటి ఆ వైపు తిరిగింది. దుర్గయ్య తొందరపడలేదు. చేతులకు ఆముదం రాసుకుని పొదుగును మెల్లగా నిమురుతూ ఉన్నాడు. పిల్ల రెండో పేజీకి వచ్చేసరికి బర్రె బరువంతా నాలుగు కాళ్ల మీద సర్దుకుని నిలబడింది. బకెట్ అడుగున మొదటి ధార సన్నగా పడింది. తర్వాత రెండోది.

ఆ చప్పుడు వినగానే గీతాంజలి ఆగిపోయింది. ధార కూడా ఆగిపోయింది.

"చదువు బిడ్డా," అన్నాడు దుర్గయ్య, చీర కింద నుంచి, తల ఎత్తకుండానే.

ఆ పిల్ల చదివింది. పాఠం అయిపోతే మళ్లీ మొదటి నుంచి చదివింది. బకెట్‌లో చప్పుడు మారుతూ వచ్చింది. ఖాళీ రేకు మీద పడే చప్పుడు పోయి, నురుగులో పడే మెత్తటి చప్పుడు వచ్చింది. ప్రేమ్‌రాజ్ లేచి డబ్బా జేబులో వేసుకున్నాడు. పొదుగు అంత నిండినంక ఏ బర్రె అయినా ఎంతసేపు ఆపుకుంటుందని అన్నాడు, పోతూ పోతూ. అయి ఉండవచ్చు.

ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు రుక్మాబాయి నోరు తెరిచింది. దుడ్డె పోయిన కొత్తలో మోతీ కళావతికి కూడా తేలిగ్గా చేపలేదట. పక్కన కూర్చుని ముచ్చట్లు చెప్పేదట, బస్తీ సంగతులు, బజారు ధరలు, అత్త మీద చాడీలు. ముచ్చట్లు ఎన్నని చెబుతుంది. అవి అయిపోయాక పిల్లను తెచ్చి బకెట్ మీద కూర్చోబెట్టి చదవమనేదట. రోజూ సాయంత్రం ఇదే. తప్పు చదివితే పాలు పిండుతూనే దిద్దేదట. ఆ వేళకు దుర్గయ్య ముందు పిండిన పాలు పట్టుకుని గల్లీలో తిరిగేవాడు కనుక అతనికీ తెలియదు.

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేం అత్తమ్మా?" అంది అమల.

"ఎవ్వలన్న అడిగిన్రా నన్ను? బర్రె పక్కన కూసుని చదివేది కూడ చదువేనని నాకేం ఎరుక. నువ్వు గోడకు కాయిదం అతికిస్తె, చదువంటె గిట్లుంటది కావొచ్చు అనుకున్న."

అమల లేచి వెళ్లి చేయి కడుక్కుంది. కళావతి చిన్నప్పుడు తనకు ఎక్కాలు నేర్పింది కూడా ఏదో ఒక పని చేసుకుంటూనే, బియ్యంలో రాళ్లు ఏరుతూనో జడ వేస్తూనో. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ గుర్తు ఉంది. ఆ సాయంత్రం ఇంకోలా గుర్తొచ్చింది.

చీర సంగతి రుక్మాబాయి తర్వాత ఒకే ఒక్కసారి ఎత్తింది. పడుకోబోయేముందు, చీకట్లో, దిండు సర్దుకుంటూ. "నువ్వు కాకుంటె రేపు వానకన్న తడుస్తుండె. ఊకో. ఫికర్ చేయకు."

ఆ తర్వాత వేసవి బడి రెండు ముక్కలైంది. పొద్దున వాకిట్లో నీడ ఉన్నంతసేపు రాత, లెక్కలు. సాయంత్రం కొట్టంలో చదువు. వాచకం త్వరలోనే అయిపోయింది. అమల పాత పత్రికల్లో పిల్లల పేజీలు తెచ్చింది, నందు బేగంబజార్ నుంచి సామాన్లు చుట్టిన కాగితాలు తెచ్చాడు. గీతాంజలి మోతీకి కథలు చదివింది, పెళ్లిసంబంధాల ప్రకటనలు చదివింది, బర్రెలకు పెట్టే పత్తిచెక్క బస్తా మీద ముద్రించిన సూచనలు చదివింది. ఏది చదివినా ఒకే తీరు. గొంతు పైకి లేవదు, పరుగెత్తదు, పాలధార ఎంత నిదానమో మాటా అంత నిదానం. బర్రె ముందు తప్ప ఇంకెక్కడా ఆ గొంతు వినిపించేది కాదు. పొద్దున చాప మీద అదే పత్రిక ఇస్తే మళ్లీ పెదవులు బిగిసేవి.

అమల ఒక పని చేసింది. ఎవరికీ చెప్పకుండా, కొన్ని రోజులకొకసారి, ఆ తిరగేసిన బకెట్‌ను కాస్త ఇవతలకు జరిపి పెట్టేది. తొట్టి పక్క నుంచి గడ్డిమోపు దగ్గరికి, అక్కడి నుంచి స్తంభం దగ్గరికి, స్తంభం నుంచి గుమ్మానికి. గీతాంజలి గమనించిందో లేదో, బకెట్ ఎక్కడ ఉంటే అక్కడే కూర్చునేది. మోతీ దాకా వినిపించాలి కనుక గొంతు కొంచెం సాగేది. గుమ్మం దాటి బకెట్ వాకిట్లో పెట్టిన రోజు మాత్రం, ఆ పిల్ల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి, బకెట్‌ను రెండు చేతులా ఎత్తి, మళ్లీ గుమ్మం లోపల పెట్టుకుని కూర్చుంది. అమల ఇంకోసారి జరపలేదు.

"మోతీని బడికి తోలుకపోదాం," అన్నాడు నందు, జూన్ వచ్చాక.

"తోలుకపో," అంది రుక్మాబాయి. "నీకంటె ముందు అదే పాసైతది."

బడి తెరిచే రోజు దుర్గయ్య తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్దమేడమ్ గదిలో కుర్చీ చూపించినా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. నందు అతని చేయి పట్టుకుని ఉన్నాడు. అమల గీతాంజలి పక్క కుర్చీలో కూర్చుంది. నెత్తి మీద పాత ఫ్యాను కటకటలాడుతూ తిరుగుతోంది. పెద్దమేడమ్ నాలుగో తరగతి వాచకం తీసి మధ్యలో ఒక పేజీ తెరిచి పిల్ల ముందు పెట్టింది. ఆ పిల్ల ఎన్నడూ చూడని పేజీ.

గీతాంజలి పుస్తకం వంక చూసింది. పెదవులు బిగిశాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అమలకు మొదటి మాట అందిద్దామని నాలుక చివరికి వచ్చింది. తన బడిలో పిల్లలకు అలా అందించేది కూడా. కానీ ఊరుకుంది. పెద్దమేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె తొందర పడటం లేదు. కానీ ఎంతసేపైనా కూర్చోవడానికి ఆమెకూ వీలు లేదు. బయట వరండాలో ఇంకా తల్లిదండ్రులు ఉన్నారు.

"చదువు బిడ్డా," అన్నాడు దుర్గయ్య తలుపు దగ్గర నుంచి. నేల వంక చూస్తూ, రోజూ సాయంత్రం అన్నట్టే అన్నాడు.

గీతాంజలి ఒక చేయి బల్ల అంచు మీద పెట్టింది. పెట్టి, చదవడం మొదలుపెట్టింది.

రెండు వాక్యాలయ్యాక పెద్దమేడమ్ ముందుకు వంగి, బాగా చదువుతున్నావు, కొంచెం గట్టిగా చదువు అంది.

గీతాంజలి తల ఎత్తింది. "గట్టిగ చదివితె బెదుర్తది మేడమ్."

"ఎవరు?"

"మా బర్రె," అన్నాడు నందు తలుపు దగ్గర నుంచి.

పెద్దమేడమ్ వాడి వంక చూసింది, దుర్గయ్య వంక చూసింది. దుర్గయ్య ఇంకా నేలనే చూస్తున్నాడు. ఆమె లేచి వెళ్లి గోడ మీద ఫ్యాను స్విచ్ ఆపేసి వచ్చి కూర్చుంది. రెక్కలు నెమ్మదించి ఆగాయి. ఆ ఉక్కలో అందరి నుదుటా చెమట పడుతుండగా, ఆ సన్నటి, తొందర లేని గొంతు గదిలో చక్కగా వినిపించింది. పేజీ అయిపోయింది. చాలు అని ఎవరూ అనలేదు కనుక గీతాంజలి వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, తర్వాతి దానిలోకి వెళ్లిపోయింది.

ఆ వాచకం ఆ పిల్లకే ఇచ్చి పంపించారు. ఇంటికి వచ్చేదారంతా నందు అలిగి వెనక నడిచాడు. మూడో తరగతిలో ఒక్కడే కూర్చోవాలి, చెప్పడానికి ఎవరూ ఉండరు. గీతాంజలి ఆగి, వెనక్కి వచ్చి, వాడి జుట్టు పట్టుకుని ఒక గుంజు గుంజింది. నందు మొత్తుకున్నాడు. అమల చూడనట్టు ముందుకు నడిచింది.

మర్నాడు ఆమె బడి కూడా తెరుస్తారు. బ్యాగు సర్దుకుని, గోడ మీది చార్టు తీసేద్దామని చేయి పెట్టింది. ఆట అని రాసిన గడి చుట్టూ నందు ఎర్ర పెన్నుతో ఎప్పుడో పువ్వులు గీశాడు. ఉండనీలే అని వదిలేసింది.

సాయంత్రం దుర్గయ్య కొట్టం గుమ్మంలో మేకు మీద చీర తీసుకోబోతుంటే, ఒక్కసారి ఇటివ్వమంది. అతను ఇచ్చాడు. ఆకుపచ్చ మళ్లీ మాసింది, కొంగు అట్టకట్టడం మొదలైంది. మల్లెల వాసన ఎప్పుడో పోయింది. తవుడు, పొగ, ఆముదం, బర్రె, మనిషి చెమట. ఆమె దానిలో ఇంకేమైనా ఉందేమోనని ఒక్క క్షణం వెతికింది. ఆపైన రెండు చేతులా విదిలించి దుమ్ము రాల్చి, బావ చేతికి ఇచ్చింది.

"ఉతకనులే," అంది.

"ఉతికినా ఏం కాదిప్పుడు," అన్నాడు దుర్గయ్య. చీర తల మీంచి కప్పుకుని లోపలికి వెళ్లాడు.

గుమ్మం లోపల, తిరగేసిన బకెట్ మీద, గీతాంజలి కొత్త వాచకం మొదటి పేజీ తెరిచి కూర్చుని ఉంది. ఖాళీ బకెట్‌లో మొదటి ధార పడే చప్పుడు వినాలని అమల బయట స్తంభానికి ఆనుకుని నిలబడింది.